పెట్టె విప్పని తాజ్‌మహల్

గత ఆదివారం మధ్యాహ్నం యమునకు ఆవలి ఒడ్డున, పట్పడ్‌గంజ్‌లో ఒక తెలుగు మిత్రుని ఇంటికి భోజనానికి వెళ్ళాను. ఆయన కేంద్ర ప్రభుత్వంలో మూడు దశాబ్దాలకు పైగా పనిచేసి పదవీ విరమణ చేసిన అధికారి. లైసెన్సుల రాజ్యం చివరి రోజులలో ఉద్యోగంలో చేరినవారు కనుక, దిగుమతుల దస్త్రాలు కొంతకాలం ఆయన బల్లమీదుగానే నడిచాయి. విలాస వస్తువుల దిగుమతి కోరుతూ వచ్చిన దరఖాస్తుల మీద ‘అవసరం లేదు’ అని రాసి పంపడంలో ఆయనకు మంచి పేరుండేది. భోజనమయ్యాక ఆయన నన్ను వెనక గదిలోకి తీసుకువెళ్ళి దీపం వేశారు. గోడల నిండా అరలు, అరల నిండా డెన్మార్క్ దేశపు ఆట ఇటుకల పెట్టెలు. కొన్నిటిని విప్పి ఓడలుగా, కోటలుగా, రైలింజన్లుగా అమర్చి అద్దాల వెనుక పెట్టారు. ఎక్కువ భాగం మాత్రం విప్పని పెట్టెలే.

“పెన్షన్ డబ్బులకు పట్టిన పిచ్చండీ ఇది” అని ఆయన నవ్వారు. అన్నిటికంటె పై అరలో ఒక పెద్ద పెట్టె ఉంది. దాని మీద తాజ్‌మహల్ బొమ్మ. మా వెనకనే వచ్చిన అయిదేళ్ళ మనుమరాలు దానివైపు చూపించి, “తాతయ్యా, ఇవాళ అది విప్పుదామా?” అని అడిగింది. ఆయన ఎంతో లాలనగా, “వద్దమ్మా, విప్పితే విలువ పోతుంది” అన్నారు.

ఈ వారం పార్లమెంటు గురించో, పార్టీల పొత్తుల గురించో రాయవలసి ఉన్నా, ఆ ఒక్క మాట నన్ను వదలలేదు. ఆటవస్తువును విప్పితే విలువ పోతుందనే సూత్రం ఎక్కడినుంచి వచ్చింది? దీనికీ దేశ రాజకీయాలకూ సంబంధమేమిటని పాఠకులు అనుకోవచ్చు. సంబంధం ఉన్నదనే నా అభిప్రాయం.

మూర్ మార్కెట్ పెట్టె

ముందుగా ఒక మాట ఒప్పుకోవాలి. ఈ వ్యామోహానికి నేను అతీతుణ్ణి కాను. మా ఊళ్ళో పిల్లలందరి మొదటి నిర్మాణం పిచ్చుకగూడే. కాలువగట్టున తడి ఇసుకలో పాదం ఉంచి, పైన ఇసుక కప్పి, అరచేత్తో చరిచి, పాదం మెల్లగా వెనక్కు లాగితే గూడు నిలిచేది. సాయంత్రం ఇంటికి పోయేముందు దానిని కాలితో తన్ని పోవడం కూడా ఆటలో భాగమే. రేపు మళ్ళీ కట్టుకోవచ్చు, ఇసుకకు కొదవ లేదు.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు మా నాన్నగారు కోర్టు పనిమీద మద్రాసు వెళ్ళి, మూర్ మార్కెట్‌లో పాత సామాన్ల కొట్టునుంచి ఒక అట్టపెట్టె తెచ్చారు. అందులో ఎరుపు, తెలుపు ప్లాస్టిక్ ఇటుకలు. పైన బొడిపెలు, కింద బోలు. ఒకదానిపై ఒకటి నొక్కితే టక్కున అతుక్కునేవి. ఏ దేశపువో, ఎవరు తయారుచేశారో ఎవరికీ తెలియదు. ఎవరో ఆడి వదిలేసినవి కనుక సగం ఇటుకలు లేనే లేవు. లేనివాటికి బదులు అగ్గిపెట్టెలు, చింతపిక్కలు వాడి మేము కట్టిన ఇళ్ళకు లెక్కలేదు. కృష్ణ మీద వంతెన కట్టాం, సినిమా హాలు కట్టాం, అప్పుడు పత్రికలలో రోజూ చూస్తున్న నాగార్జునసాగర్ ఆనకట్టను కూడా కట్టాం. వీధిలో పిల్లలంతా మా అరుగుమీదనే ఉండేవారు. ఆ పెట్టె ఏమైపోయిందో జ్ఞాపకం లేదు. మూర్ మార్కెట్ 1985లో కాలిపోయిందన్న వార్త ఢిల్లీలో చదివినప్పుడు మాత్రం నాకు మొదట తట్టింది ఆ పెట్టే.

చాలా ఏళ్ళ తరువాత, ఎర్రకోట పరిసరాలలో ఆదివారం నాడు వెలిసే పాత సామాన్ల బజారులో, విరిగిన రేడియోల కుప్పలో నాలుగు ఎర్ర ఇటుకలు కనిపించాయి. బేరమాడకుండా కొన్నాను. అవి నా రాతబల్ల సొరుగులో ఉన్నాయి. వ్యాసం ముందుకు సాగనప్పుడు వాటిని అతికించి, విడదీసి, మళ్ళీ అతికిస్తూ ఉంటాను. ఈ నగరంలో ఏ రెండు మంత్రిత్వశాఖల దస్త్రాలూ ఇంత చక్కగా అతకవు. వయసు మళ్ళినవారికి ఈ ఇటుకల మీద మోజెందుకో నాకు అర్థమవుతుంది. జీవితంలో ఏదీ సరిగా అమరలేదని తెలిసిన వయసులో, అమరి తీరే వస్తువు ఒకటి చేతికి దొరకడం చిన్న సంగతి కాదు. అందువల్ల నా మిత్రుణ్ణి ఎగతాళి చేసే ఉద్దేశం నాకు లేదు.

ఇటుక ఎవరి సొత్తు?

కట్టే ఆటకు పెద్ద చరిత్రే ఉంది. జనపథ్‌లోని నేషనల్ మ్యూజియంలో సింధు నాగరికత కాలపు మట్టి బండ్లు, మట్టి బొమ్మలు చూడవచ్చు. ఆ నగరాలను కట్టినవారు ఇటుకకు 1:2:4 నిష్పత్తిని పాటించారు. ఎత్తు ఒకటైతే వెడల్పు రెండు, పొడవు నాలుగు. ఎక్కడ కాల్చిన ఇటుక అయినా మరొకదానితో అమరడానికి అదే కారణం.

ఆధునిక కాలంలో ఈ ఆటకు విద్యాగౌరవం కల్పించినవాడు జర్మన్ ఉపాధ్యాయుడు ఫ్రోబెల్. 1840లో ‘కిండర్‌గార్టెన్’ అనే పేరు పెట్టినది ఆయనే. ఎనిమిది చిన్న చెక్కఘనాలతో ఒక పెద్ద ఘనం. దానిని పిల్లవాడు విడదీసి, మళ్ళీ కూర్చాలి. అమెరికన్ వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ తన శిల్పబుద్ధికి మూలం బాల్యంలో ఆడిన ఆ చెక్కలేనని చెప్పుకున్నాడు. తరువాత 1901లో ఇంగ్లండ్‌లో ఫ్రాంక్ హార్న్‌బీ లోహపు బద్దీలతో, బోల్టులతో కూడిన ఆటకు పేటెంట్ తీసుకున్నాడు. మెకానో పేరుతో అది ప్రపంచమంతా తిరిగింది. దాని లివర్‌పూల్ కర్మాగారం 1979లో మూతపడింది.

నేడు ప్రపంచాన్ని ఏలుతున్న ప్లాస్టిక్ ఇటుక కథ ఇంకా ఆసక్తికరం. డెన్మార్క్‌లోని బిలుండ్ అనే చిన్న ఊరిలో ఓలే కిర్క్ క్రిస్టియన్‌సెన్ అనే వడ్రంగి 1932లో చెక్కబొమ్మల తయారీ మొదలుపెట్టాడు. రెండేళ్ళ తరువాత, ‘బాగా ఆడుకో’ అని అర్థం వచ్చే డేనిష్ మాటలనుంచి లెగో అన్న పేరు పుట్టింది. 1949లో ఆ సంస్థ తయారుచేసిన మొదటి ప్లాస్టిక్ ఇటుకకు నమూనా బ్రిటిష్ వ్యక్తి హిలరీ ఫిషర్ పేజ్ అంతకుముందే రూపొందించిన ఇటుక. దానిలో లోపాలను సవరిస్తూ, లోపల గొట్టాలు అమర్చి, గట్టి పట్టు సాధించిన రూపానికి 1958 జనవరి 28న పేటెంట్ దరఖాస్తు దాఖలయింది. ఆనాటి ఇటుక నేటి ఇటుకతో కూడా అతుకుతుంది. ఎనిమిది బొడిపెల ఇటుకలు ఆరు, అన్నీ ఒకే రంగువి ఇస్తే, వాటిని 91,51,03,765 విధాలుగా కూర్చవచ్చునని గణితజ్ఞులు లెక్క తేల్చారు.

రాజకీయాలు తెలిసిన పాఠకులు గమనించవలసిన అంశం ఈ తరువాతిది. పేటెంట్ల గడువు తీరిపోయాక, ఇటుక ఆకారం మీదనే శాశ్వతమైన వ్యాపారచిహ్న హక్కు కావాలని ఆ సంస్థ న్యాయస్థానాలకెక్కింది. 2005లో కెనడా సుప్రీంకోర్టు, 2010 సెప్టెంబరు 14న ఐరోపా న్యాయస్థానం ఆ కోరికను తిరస్కరించాయి. ఒక వస్తువు పనిచేసే తీరును బట్టి ఏర్పడిన ఆకారాన్ని ఎవరూ శాశ్వతంగా తమ గుత్తసొత్తు చేసుకోరాదన్నది ఆ తీర్పుల సారాంశం. అంటే, బొడిపెలు గల ఆ చిన్న ఇటుక ఇప్పుడు ఎవరైనా తయారుచేయదగిన వస్తువు. హరప్పా ఇటుకవలెనే అదీ మానవజాతి ఉమ్మడి ఆస్తి అయింది.

బాల్యం మీద వడ్డీ

ఉమ్మడి ఆస్తిని తిరిగి సొంత ఆస్తిగా మార్చుకునే విద్య మార్కెట్టుకు తెలుసు. సాధారణ ఇటుకకు గుత్తాధిపత్యం లేకపోతే, అరుదైన పెట్టెకు కల్పించవచ్చు. మా మిత్రుని పై అరలోని తాజ్‌మహల్ కథ అదే. 2008లో 5,922 ముక్కలతో ఆ పెట్టె మొదట వెలువడింది. తయారీ ఆగిపోయిన తరువాత పాత సరుకు బజారులో దాని ధర ఎన్నో రెట్లు పెరిగింది. 2017లో సంస్థ దానినే ఒక్క ముక్క ఎక్కువగా, 5,923 ముక్కలతో మళ్ళీ విడుదల చేసేసరికి, పాత పెట్టెలు దాచుకున్నవారు లబోదిబోమన్నారు. మాస్కోలోని హయ్యర్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ పరిశోధకులు 1987–2015 మధ్య వెలువడిన సుమారు 2,300 సెట్ల ధరలు పరిశీలించి, సగటున ఏటా 11 శాతమైనా ప్రతిఫలం వచ్చిందని తేల్చారు. మన పోస్టాఫీసు పొదుపు పథకాలకంటె మెరుగే! 2020 నుంచి కొన్ని పెట్టెల మీద ‘18 ఏళ్ళు పైబడినవారికి’ అన్న గుర్తు కూడా కనిపిస్తోంది. ఆటవస్తువు మీద పిల్లలకు ప్రవేశం లేదన్నట్లు.

పెద్దవాళ్ళు ఆడుకోవడం తప్పు కాదు. కాని ఆడుకోవడానికి కొన్నది వేరు, ఆడకుండా దాచడానికి కొన్నది వేరు. దాచిన పెట్టెలో ఉన్నది ఇటుకలు కావు, బాల్యం పేరిట తీసుకున్న వాటా పత్రం. దాని విలువ పెరగాలంటే ఏ చిన్న వేలూ దాని మీద పడకూడదు. విప్పితే విలువ పోతుందని మా మిత్రుడు చెప్పింది అక్షరాలా నిజం. ఆ నిజమే నన్ను కలవరపెడుతోంది.

బొమ్మల విధానం – బొమ్మలేని అంగన్‌వాడీ

ఢిల్లీకి బొమ్మల రాజకీయం కొత్తది కాదు. బహదూర్ షా జఫర్ మార్గ్‌లోని బొమ్మల మ్యూజియాన్ని వ్యంగ్య చిత్రకారుడు శంకర్ స్థాపించారు. ఒక హంగేరీ రాయబారి ఇచ్చిన బొమ్మతో మొదలైన ఆ సేకరణకు నెహ్రూ ప్రోత్సాహం లభించింది. 1965లో దానిని ప్రారంభించినది రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్. అది కూడా సేకరణే. కాని ఏ పిల్లవాడైనా లోపలికి వచ్చి చూడడానికి ఏర్పరచిన సేకరణ.

ఇటీవలి అధ్యాయం 2020లో మొదలయింది. ఆ ఏడాది బడ్జెట్ బొమ్మల దిగుమతి సుంకాన్ని 20 శాతంనుంచి 60కి పెంచింది. 2023లో అది 70 అయింది. 2020 ఆగస్టు 30నాటి ‘మన్ కీ బాత్’లో ప్రధాని నరేంద్ర మోదీ బొమ్మల పరిశ్రమను ప్రస్తావిస్తూ, మన ఏటికొప్పాక లక్కబొమ్మలను, వాటికి జీవం పోసిన సి.వి. రాజును పేరెత్తి మెచ్చుకున్నారు. 2021 జనవరి 1నుంచి నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు అమలులోకి వచ్చి, ఐఎస్ఐ గుర్తు లేని బొమ్మ అమ్మడం నిషిద్ధమయింది. చేతివృత్తుల వారికి మినహాయింపు ఇచ్చారు. 2014–15తో పోలిస్తే 2022–23 నాటికి బొమ్మల దిగుమతులు 52 శాతం తగ్గాయనీ, ఎగుమతులు 239 శాతం పెరిగాయనీ ప్రభుత్వం చెబుతోంది.

ఈ విధానాన్ని నేను తోసిపుచ్చను. నాసిరకం ప్లాస్టిక్, విషపు రంగులు పిల్లల నోటికి చేరకుండా ఆపడం ప్రభుత్వ ధర్మమే. కొండపల్లి, ఏటికొప్పాక కళాకారుల పేర్లు జాతీయ వేదికమీద వినిపించడం సంతోషమే. కాని సుంకం గోడ కట్టినప్పుడు ఆ గోడ వెనుక ఎవరికి మేలు జరగాలన్న ప్రశ్న ఉంటుంది. ఎగుమతి ఎంత, దిగుమతి ఎంత అని లెక్క కట్టారు. దేశంలో ఎందరు పిల్లల చేతికి కొత్తగా ఒక ఆటవస్తువు చేరిందన్న లెక్క నాకు ఏ ప్రకటనలోనూ కనబడలేదు. ఆట ద్వారానే తొలి విద్య జరగాలని 2020 జాతీయ విద్యావిధానం చెప్పింది. 2023 ఫిబ్రవరి 20న ‘జాదూయీ పిటారా’ పేరుతో ఆటవస్తువుల పెట్టెను విద్యాశాఖ ఆవిష్కరించింది. ఆలోచన మంచిదే. అయితే గ్రామాలలో నేను చూసిన అంగన్‌వాడీలు కొన్నిటిలో బొమ్మల పెట్టె బీరువాలో తాళంలో ఉంది. ఎందుకని అడిగితే, “పిల్లలు పాడుచేస్తే తనిఖీలో మేము జవాబు చెప్పుకోవాలండీ” అని ఆ తల్లి చెప్పింది. పట్పడ్‌గంజ్ సూత్రమే అక్కడా అమలవుతోంది. తేడా ఒక్కటే. ఇక్కడ భయం ధర పడిపోతుందని, అక్కడ భయం జీతం కోతపడుతుందని.

అసలు ఇటుకల దగ్గర

కొన్నేళ్ళ క్రితం ఎన్నికల పర్యటనలో పెద్దపల్లి వైపు ఒక ఇటుక బట్టీ దగ్గర ఆగాను. పనివాళ్ళంతా ఒడిశాలోని బలాంగీర్, నువాపడా ప్రాంతాలవారు. పంటకాలం అయ్యాక సర్దారు దగ్గర అడ్వాన్సు తీసుకుని, కుటుంబమంతా వచ్చి, వానలు పడేదాకా ఇక్కడే ఉంటారు. కూలీ వెయ్యి ఇటుకల లెక్కన. లెక్క కుటుంబానిది కనుక పిల్లల చేతులు కూడా అందులో కలుస్తాయి. పచ్చి ఇటుకలను ఎండకు తిప్పి పెట్టడం చిన్నపిల్లల పని, వాళ్ళ బరువు తక్కువ కనుక.

అక్కడ ఆరేడేళ్ళ పిల్ల ఒకతె ఆరిన ఇటుకలు పదిహేనో ఇరవయ్యో తీసుకుని ఒక మూల ఇల్లు కట్టుకుంటోంది. గుమ్మం పెట్టింది, గోడలో గూడు కూడా వదిలింది. పొద్దువాలే వేళకు ఆ రోజు లెక్క తక్కువ పడింది. తల్లి వచ్చి ఏమీ అనకుండా ఆ ఇంటిని ఒక్కొక్క ఇటుకగా తీసి వరుసలో పేర్చింది. పిల్ల ఏడవలేదు. తనుకూడా అందించింది.

ఆ తల్లిని తప్పు పట్టగలవారెవరు? 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం చేసుకున్న దేశం మనది. ఆటను బాలల హక్కుగా గుర్తించిన 31వ అధికరణం ఉన్న ఐక్యరాజ్యసమితి ఒడంబడికకు 1992లో కట్టుబడిన దేశం మనది. పెషావర్ నుంచి ఢాకా దాకా పరుచుకున్న బట్టీల మేఖలలో సరిహద్దులు మారినా ఈ లెక్క మారదు. అడ్వాన్సు, సర్దారు, వెయ్యి ఇటుకలు, తిప్పిపెట్టే చిన్న చేతులు. తాజ్‌మహల్‌ను గురించి శ్రీశ్రీ వేసిన ప్రశ్నను తెలుగు పాఠకులకు గుర్తు చేయనక్కరలేదు. పెట్టెలోని తాజ్‌మహల్ ముందు నిలబడినప్పుడు నాకు ఆ బట్టీ పిల్ల ఇల్లు గుర్తుకు రావడం సహజమే.

చేయదగిన పని

విమర్శించి ఊరుకోవడం సులభం. చేయదగిన పనులు మూడు ఉన్నాయి. ఒకటి, భారత ప్రమాణాల సంస్థ ఇంటి ఇటుకకు 190 x 90 x 90 మిల్లీమీటర్ల కొలతను ఏనాడో నిర్ణయించింది. ఆట ఇటుకకు కూడా ఒక బహిరంగ కొలతను నిర్ణయిస్తే, ఏ చిన్న కర్మాగారం తయారుచేసిన ఇటుక అయినా మరొకదానితో అతుకుతుంది. సూరత్ ఇటుకమీద సికింద్రాబాద్ ఇటుక నిలుస్తుంది. ఆకారం మీద ఎవరి గుత్తాధిపత్యమూ లేదని న్యాయస్థానాలే చెప్పాయి గదా.

రెండు, 70 శాతం సుంకం నీడలో పెరిగిన పరిశ్రమనుంచి ప్రభుత్వమే పెద్ద ఎత్తున సాదా ఇటుకలు కొని, దేశంలోని సుమారు 14 లక్షల అంగన్‌వాడీలకు పంపాలి. వాటిని తనిఖీ జాబితానుంచి తొలగించి, సుద్దముక్కలవలె అరిగిపోయే వస్తువులుగా ఖాతా రాయాలి. అరగని ఇటుకలు కనబడితేనే అధికారి సంజాయిషీ అడగాలి. ఇంత ఖర్చు ఎక్కడిదంటారా? అగ్గిపుల్లలు, సైకిలు వాల్వు గొట్టం ముక్కలతో త్రిభుజాలు, ఘనాలు కట్టించి, పల్లెటూరి పిల్లలకు జ్యామితి నేర్పిన కాన్పూరు ఐఐటీ పట్టభద్రుడు అరవింద్ గుప్తా మన మధ్యనే ఉన్నారు. 2018లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చినవారు ఆయన పద్ధతిని కూడా స్వీకరించవచ్చు.

మూడు, బట్టీల దగ్గర ఉన్న పిల్లలను అంగన్‌వాడీ లెక్కలో చేర్చాలి. వలస వచ్చినవారు ఈ రాష్ట్రపు పిల్లలా, ఆ రాష్ట్రపు పిల్లలా అన్న వాదం తేలేలోగా వాళ్ళ బాల్యం అయిపోతుంది. తెలంగాణ, ఒడిశా ప్రభుత్వాలు ఈ ఒక్క విషయంలోనైనా ఆట ఇటుకలవలె అతకలేవా? మన ఎంపీలలో ఒక్కరు రాబోయే సమావేశాలలో దీనిపై ఒక ప్రశ్న వేసినా నేను ఈ వారం వృథా చేయలేదనుకుంటాను.

సెలవు తీసుకుని వచ్చేముందు మా మిత్రునితో బట్టీ సంగతి చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. వ్యాసం పంపబోతుండగా నిన్న రాత్రి ఫోను చేశారు. తాజ్‌మహల్ పెట్టె విప్పారట. మినారులు కట్టడం పూర్తి కాకముందే మనుమరాలు ఆ తెల్ల ఇటుకలతో వేరే ఏదో కడుతోందట. “ఏమిటమ్మా అది?” అని అడిగితే, “ఆసుపత్రి” అన్నదట. సూచనల పుస్తకం ఎక్కడ పడిందో వెతుకుతున్నామని ఆయన అన్నారు. వెతకవద్దని చెప్పాను.